అసెంబ్లీ భాషాధ్యయనం – పాత యంత్రనిర్మాణాల బోధనావిలువ: 8085 ఆధారంగా చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ శాస్త్రబోధనలో అసెంబ్లీ భాష అవసరం తీరిపోయిందనీ, ముఖ్యంగా వాడుక తప్పిన ప్రాసెసర్లపై దానిని నేర్పడం కాలహరణమనీ ఒక వాదం వినిపిస్తున్నది. ఈ వ్యాసం ఆ వాదాన్ని చరిత్ర వెలుగులో పరిశీలిస్తుంది. అసెంబ్లీ భాష పుట్టుక, బోధన కోసం విద్యావేత్తలు ఎన్నుకున్న యంత్రాలు, భారతదేశంలో 8085 మైక్రోప్రాసెసర్ పొందిన స్థానం ఇందులో చర్చకు వస్తాయి. ఒక చిన్న గుణకార కార్యక్రమాన్ని విశ్లేషించి, పాత యంత్రం విలువ దాని ప్రాచీనతలో గాక, దాని ప్రతి చర్యనూ విద్యార్థి ముందే లెక్కగట్టి తర్వాత సరిచూసుకోగలగడంలో ఉన్నదని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: అసెంబ్లీ భాష, యంత్రభాష, 8085, రిజిస్టర్, ఫ్లాగ్, బోధనాయంత్రం, పాఠ్యప్రణాళిక.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ ప్రాసెసర్ అర్థం చేసుకొనేది అంకెల రూపంలోని యంత్రభాషను మాత్రమే. ఆ అంకెలకు బదులు మనిషి గుర్తుపెట్టుకోగల పొట్టి పదాలను వాడి, ఒక పదానికి ఒక యంత్రాదేశం చొప్పున రాసే భాష అసెంబ్లీ భాష. 8085లో ఏ, బీ రిజిస్టర్లలోని సంఖ్యలను కూడే ఆదేశానికి యంత్రసంకేతం హెక్సాడెసిమల్ మానంలో 80. అసెంబ్లీ భాషలో దానిని ‘యాడ్ బీ’ అని రాస్తారు. సీ, జావా, పైథాన్ వంటి ఉన్నతస్థాయి భాషలలో ఒక్క వాక్యం అనేక యంత్రాదేశాలుగా మారుతుంది. అసెంబ్లీ భాషలో అటువంటి మాటు లేదు. రాసినదే యంత్రం చేస్తుంది.

నేడు అత్యధిక భాగం సాఫ్ట్‌వేర్ ఉన్నతస్థాయి భాషలలోనే తయారవుతున్నది. కంపైలర్లు సాధారణ ప్రోగ్రామర్ కంటే మెరుగైన యంత్రసంకేతాన్ని తామే రూపొందిస్తున్నాయి. ఇటువంటి స్థితిలో 1976 నాటి ప్రాసెసర్ ఆదేశాలను విద్యార్థి ఎందుకు నేర్వాలన్న ప్రశ్న సహేతుకమైనదే. దానికి అలవాటునో అభిమానాన్నో సమాధానంగా చూపితే చాలదు. పాత యంత్రం నేర్పగలిగినదేమిటో, నేర్పలేనిదేమిటో విడదీసి చూడవలసి ఉన్నది.

2. అసెంబ్లీ భాష ఆవిర్భావం

తొలితరం కంప్యూటర్లపై పనిచేసినవారికి అంకెలలో ఆదేశాలు రాయడం ఎంత శ్రమో, ఎంత పొరపాట్లకు తావో త్వరలోనే తెలిసివచ్చింది. లండన్ బర్క్‌బెక్ కళాశాలలో రూపొందిన ఏఆర్‌సీ యంత్రం కోసం 1947లో కాథ్లీన్ బ్రిటెన్, ఆండ్రూ బూత్ ఆదేశాలను సంకేతాలలో రాసే పద్ధతిని ప్రతిపాదించారు. కాథ్లీన్ తర్వాతికాలంలో కాథ్లీన్ బూత్‌గా ప్రసిద్ధురాలైంది. అసెంబ్లీ భాషకు ఆద్యురాలిగా ఆమెను స్మరించడం పరిపాటి.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ నేతృత్వంలో నిర్మితమైన ఎడ్సాక్ 1949 మే 6న తన తొలి కార్యక్రమాన్ని నడిపింది. ఆ యంత్రానికి డేవిడ్ వీలర్ రూపొందించిన ‘ప్రారంభ ఆదేశాలు’ కేవలం 31. కాగితపు టేపుపై అక్షరరూపంలో ఉన్న ఆదేశాన్నీ, దశాంశమానంలో ఉన్న చిరునామానూ చదివి, వాటిని బైనరీలోకి మార్చి మెమరీలో నిలపడం వాటి పని. యంత్రం తన భాషలోకి తానే అనువదించుకోవడం ఇక్కడ స్పష్టమైన రూపం దాల్చింది. 1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ కలిసి ప్రచురించిన గ్రంథం ప్రోగ్రామింగ్‌పై వెలువడిన తొలి పాఠ్యగ్రంథంగా పేరు పొందింది.

1957లో ఐబీఎం 704 యంత్రానికి జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలరును అందించడంతో ఉన్నతస్థాయి భాషల శకం బలపడింది. ఆనాటి నుంచే అసెంబ్లీ భాష ప్రయోజనం రెండు పాయలుగా చీలింది. ఒకటి వృత్తిపరమైన ప్రయోజనం. ఇది క్రమేణా కుంచించుకుపోయింది. రెండవది బోధనా ప్రయోజనం. దీని చరిత్ర మొదటిదానితో పాటు ముగిసిపోలేదు.

3. బోధన కోసం ఎన్నుకున్న యంత్రాలు

డొనాల్డ్ నూత్ తన ‘ద ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటాన్ని 1968లో ప్రచురించినప్పుడు ఫోర్ట్రాన్ అప్పటికే స్థిరపడి ఉన్నది. అయినా ఆయన అల్గారిథమ్‌లను ‘మిక్స్’ అనే ఊహాయంత్రపు అసెంబ్లీ భాషలో వివరించారు. ఆనాటి పదహారు కంప్యూటర్ల సంఖ్యానామాల సగటు 1009. రోమన్ అంకెలలో రాస్తే అదే మిక్స్. ఏ అల్గారిథమ్‌కు ఎంత కాలం, ఎంత స్థలం ఖర్చవుతాయో నిర్దిష్టంగా చూపాలంటే యంత్రం స్థాయికి దిగక తప్పదని ఆయన అభిప్రాయం. మిక్స్ కాలదోషం పట్టిందని గ్రహించిన నూత్ 1999లో 64 బిట్ల ‘ఎంమిక్స్’ను వెలువరించారు. ఆయన యంత్రాన్ని మార్చారు, అసెంబ్లీ భాషను మాత్రం వదలలేదు.

1965లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ విడుదల చేసిన పీడీపీ-8 మరొక ఉదాహరణ. 12 బిట్ల పదం, 4096 పదాల మెమరీ, మూడు బిట్లలో ఇమిడే ఎనిమిది మౌలికాదేశాలు ఆ యంత్రపు హద్దులు. తక్కువ ధరతో ప్రయోగశాలలకు చేరిన ఈ యంత్రం, ఒక కంప్యూటర్ పనితీరును ఆమూలాగ్రం ఒక్క వ్యక్తి గ్రహించగలడన్న నమ్మకాన్ని ఒక తరానికి ఇచ్చింది.

దీనికి భిన్నమైన అనుభవం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కనబడుతుంది. అక్కడి ఆపరేటింగ్ సిస్టమ్ తరగతిలో ఆరవ కూర్పు యునిక్స్‌ను, దానిపై ఆస్ట్రేలియా అధ్యాపకుడు జాన్ లయన్స్ రాసిన వ్యాఖ్యను పాఠ్యంగా వాడారు. ఆ యునిక్స్ పీడీపీ-11 యంత్రానిది. ప్రయోగశాలలో విద్యార్థులు పనిచేసినది ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసరుపై. రెండు అసెంబ్లీ భాషలను ఏకకాలంలో మోయడం వారికి భారమైంది. మూడు దశాబ్దాల నాటి యంత్రం తమకెందుకన్న సందేహమూ వచ్చింది. ఫలితంగా 2006లో అక్కడి అధ్యాపకులు అదే యునిక్స్ నిర్మాణాన్ని అనుసరించి ఎక్స్‌వీ6 అనే చిన్న వ్యవస్థను కొత్తగా రాశారు.

ఈ మూడు ఉదాహరణలను కలిపి చూస్తే ఒక విషయం విశదమవుతుంది. అధ్యాపకులు కాపాడుకోవాలనుకున్నది యంత్రం పరిమితిని, అంటే ఒక్కరు పూర్తిగా చదివి అర్థం చేసుకోగల పరిమాణాన్ని. పాత యంత్రంలో ఆ గుణం సహజంగా ఉన్నది. అది లేనిచోట వారు దానిని తిరిగి నిర్మించుకున్నారు.

4. భారతదేశంలో తొలి యంత్రాలు – 8085 ప్రవేశం

భారతదేశంలో కంప్యూటర్ నిర్మాణం ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో మొదలైంది. అక్కడ 1960లో పూర్తయిన యంత్రానికి 1962లో జవహర్‌లాల్ నెహ్రూ టిఫ్రాక్ అని పేరు పెట్టారు. ఈ కథలో తెలుగునేలకు సంబంధించిన అధ్యాయం హైదరాబాదులో ఆరంభమైంది. 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) సంస్థకు పశ్చిమగోదావరి ప్రాంతీయుడైన అయ్యగారి సాంబశివరావు సారథ్యం వహించారు. 1969లో ఈ సంస్థ అందించిన టీడీసీ-12 కూడా పీడీపీ-8 వలెనే 12 బిట్ల యంత్రం. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 1970ల మధ్యకాలానికి 16 బిట్ల టీడీసీ-316 వచ్చింది. అయితే ఇవి సంస్థల యంత్రాలు. ప్రతి విద్యార్థి చేతికి అందేవి కావు.

ఆ లోటును మైక్రోప్రాసెసర్ తీర్చింది. 1976లో ఇంటెల్ విడుదల చేసిన 8085లో సుమారు 6,500 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. దాని ముందరి 8080 ప్రాసెసరుకు మూడు వేర్వేరు వోల్టేజీలు కావలసి ఉండగా దీనికి 5 వోల్టులు చాలు. పేరు చివరి 5 అంకె అందుకు గుర్తు. క్లాక్ ఉత్పాదకం సైతం ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయింది. అందువల్ల తక్కువ భాగాలతో ఒక చిన్న బోర్డుపై పూర్తి కంప్యూటరును అమర్చడం సాధ్యమైంది. పదహారు మీటల హెక్సాడెసిమల్ కీప్యాడ్, చిరునామాకు నాలుగు అంకెలు, విలువకు రెండు అంకెలు చూపే ఎర్రని డిస్‌ప్లే, ఈప్రామ్‌లో ఒక మానిటర్ ప్రోగ్రామ్ కలిసి ‘8085 కిట్’ అయింది. డిగ్రీ, డిప్లొమా, ఇంజనీరింగ్ ప్రయోగశాలలలో అనేక తరాలకు కంప్యూటర్ లోపలి రూపం తొలిసారి కనబడినది ఈ కిట్ మీదనే. రమేశ్ గావ్‌కర్ రచించిన 8085 పాఠ్యగ్రంథం భారతీయ కళాశాలలలో విస్తృతంగా చదువబడింది.

5. 8085లో నిలిచిన చరిత్ర

8085 ఒంటరిగా పుట్టిన యంత్రం కాదు. 1970లో టెక్సాస్‌కు చెందిన కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ రూపొందించిన డేటాపాయింట్ 2200 అనే టెర్మినల్ ఆదేశాల సముదాయమే ఇంటెల్ 8008 (1972)కు మూలం. అక్కడి నుంచి 8080 (1974), 8085, 8086 (1978) మీదుగా ఆ వంశం నేటి ఎక్స్86 ప్రాసెసర్ల వరకు సాగింది.

ఈ వంశచిహ్నాలు ఇప్పటికీ చెరిగిపోలేదు. 8085 ఫ్లాగ్ రిజిస్టరులో సైన్, జీరో, ఆక్సిలరీ క్యారీ, పారిటీ, క్యారీ అనే ఐదు ఫ్లాగులు వరుసగా 7, 6, 4, 2, 0 స్థానాలలో ఉంటాయి. నేటి ఎక్స్86 ప్రాసెసర్ ఫ్లాగ్ రిజిస్టరులోని చివరి బైటులో అవే ఫ్లాగులు అవే స్థానాలలో ఉన్నాయి. 2007 అనే చిరునామాను 8085 కిట్‌లో ఎక్కించేటప్పుడు ముందు 07, తర్వాత 20 అని నొక్కవలసి వస్తుంది. చిన్న విలువ గల బైటు ముందు రావడం డేటాపాయింట్ నుంచి సంక్రమించిన పద్ధతి. ఎక్స్86లో నేటికీ అదే అమలులో ఉన్నది. ప్రాచీన శాసనలిపి చదివినవారికి నేటి అక్షరరూపాల కారణాలు బోధపడినట్లు, 8085 చదివినవారికి నేటి యంత్రంలోని కొన్ని వింతల మూలాలు బోధపడతాయి. ఇది గమనించదగిన లాభమే. కాని అసలు లాభం ఇంతకంటే లోతైనది.

6. ఒక గుణకారం – మూడు పాఠాలు

8085కు గుణకార ఆదేశం లేదు. 5, 7 సంఖ్యలను గుణించాలంటే 5ను ఏడుసార్లు కూడాలి. ప్రయోగశాలలో విద్యార్థులు తొలిరోజులలో రాసే ఆ కార్యక్రమం ఇది. ఆదేశానికి ఎదురుగా అది తీసుకొనే క్లాక్ వ్యవధులు ఇవ్వబడినవి.

ఎక్స్‌ఆర్ఏ ఏ – ఏ రిజిస్టరును సున్న చేయుట – 4
ఎంవీఐ బీ, 05 – బీలో 5 ఉంచుట – 7
ఎంవీఐ సీ, 07 – సీలో 7 ఉంచుట – 7
ఆవృత్తి: యాడ్ బీ – ఏకు బీని కూడుట – 4
డీసీఆర్ సీ – సీలో ఒకటి తగ్గించుట – 4
జేఎన్‌జెడ్ ఆవృత్తి – సీ సున్న కాకపోతే వెనుకకు మళ్లుట – మళ్లితే 10, మళ్లకపోతే 7
హెచ్ఎల్‌టీ – ఆగుట

6.1 ఫలితం ఒకటే, వ్యయం వేరు

ఆవృత్తి ఒకసారి తిరగడానికి 18 వ్యవధులు, చివరిసారి 15 వ్యవధులు పడతాయి. ఏడు ఆవృత్తులకు 6 × 18 + 15 = 123 వ్యవధులు. క్లాక్ వేగం 3 మెగాహెర్ట్జ్ అయితే ఇది సరిగ్గా 41 మైక్రోసెకండ్లు. ఇప్పుడు బీలో 7, సీలో 5 ఉంచితే 4 × 18 + 15 = 87 వ్యవధులు, అంటే 29 మైక్రోసెకండ్లు. గణితంలో గుణకారానికి క్రమభేదం లేదు. యంత్రంలో ఆ భేదం కాలంగా బయటపడుతుంది. సంఖ్యను రెట్టింపు చేస్తూ, అవసరమైనచోట మాత్రమే కూడే మరొక పద్ధతిలో ఎనిమిది ఆవృత్తులు మించవు. అల్గారిథమ్ వ్యయం అనే భావన ఇక్కడ విద్యార్థికి కాగితం మీద కూడికగా దొరుకుతుంది. నేటి ప్రాసెసరులో క్యాష్, పైప్‌లైన్, ఆదేశాల క్రమం మార్చి నడిపే యంత్రాంగం ఉన్నందున అదే కార్యక్రమం ఒక్కొక్కసారి ఒక్కొక్క కాలం తీసుకోవచ్చు. కాగితంపై లెక్క అక్కడ యంత్రంతో కలవదు.

6.2 తప్పు మార్గంలో వచ్చిన సరైన జవాబు

సీలో సున్న ఉంచితే ఏమవుతుంది? 5ను సున్నతో గుణిస్తే సున్న రావాలి. కిట్ చూపే ఫలితమూ సున్నయే. అయితే ఈ కార్యక్రమం ముందు కూడి, ముందు తగ్గించి, ఆ తర్వాత పరీక్షిస్తుంది. సున్న నుంచి ఒకటి తగ్గగానే సీలో 255 నిలుస్తుంది. ఆవృత్తి 256 సార్లు తిరుగుతుంది. 5 × 256 = 1280; ఎనిమిది బిట్లలో మిగిలేది సున్న. అంటే జవాబు సరైనది, దారి తప్పు. 41 మైక్రోసెకండ్ల స్థాయిలో ముగియవలసిన పని 255 × 18 + 15 = 4605 వ్యవధులు, 1535 మైక్రోసెకండ్లు తీసుకుంటుంది. ఫలితాన్ని మాత్రమే చూసే పరీక్ష ఈ దోషాన్ని ఎన్నటికీ పట్టుకోలేదు. లోపల జరిగేదానిని అడుగడుగునా అనుసరించేవారికే అది దొరుకుతుంది.

6.3 ఆనవాలు మిగల్చని దోషం

20ని 20తో గుణిస్తే 400 రావాలి. ఏ రిజిస్టరులో 255కు మించి పట్టదు. పదమూడవ కూడికలో మొత్తం 260 అయి, ఏలో 4 మిగిలి, క్యారీ ఫ్లాగ్ 1 అవుతుంది. పద్నాలుగవ కూడికలో 24 వస్తుంది. క్యారీ తిరిగి 0 అవుతుంది. ఇరవై కూడికలు ముగిసేసరికి ఏలో 144, క్యారీలో 0 ఉంటాయి. చివరన క్యారీని చూసినవారికి అంతా సవ్యంగా జరిగినట్లే కనబడుతుంది. పొంగిపోయిన విలువను పొంగిన క్షణంలోనే పట్టుకోవాలి. లేదా హెచ్, ఎల్ జంట వంటి 16 బిట్ల స్థలాన్ని ముందే కేటాయించాలి. మరొక విశేషం: ‘డీసీఆర్’ ఆదేశం క్యారీ ఫ్లాగును ముట్టుకోదు. అనేక బైట్ల సంఖ్యలను ఆవృత్తిలో కూడేటప్పుడు, లెక్కింపు సాగుతున్నా క్యారీ చెడకుండా ఉండడానికి ఈ ఏర్పాటు ఉపకరిస్తుంది.

ఈ పాఠం ప్రయోగశాలకు పరిమితం కాదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ కేంద్రం నుంచి తొలిసారి ఎగిరిన ఏరియన్-5 రాకెట్ దాదాపు 40 సెకండ్లలో ధ్వంసమైంది. ఏరియన్-4 నుంచి తీసుకున్న సాఫ్ట్‌వేరులో 64 బిట్ల దశాంశబిందు సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేచోట విలువ పట్టకపోవడం దానికి మూలకారణం. ఆ సాఫ్ట్‌వేరును రాసినది ఉన్నతస్థాయి భాష అయిన అడాలో. అక్కడి దోషం 8085 ఉదాహరణలో వలె మౌనంగా జారిపోలేదు. యంత్రం దానిని గుర్తించినా, దానిని ఎదుర్కొనే ఏర్పాటు ఆ స్థానంలో లేకపోయింది. ఏ విలువకు ఎంత స్థలం కావాలన్న ప్రశ్నను భాష ఎంత ఉన్నతమైనదైనా రద్దు చేయలేదని ఈ సంఘటన రుజువు చేసింది.

7. ప్రయోగశాలలో విలువ కోల్పోయే తీరు

పైన చెప్పిన విలువ కిట్ ఉన్నంత మాత్రాన సిద్ధించదు. సంకేతాల పట్టిక చూసి అంకెలు నొక్కడం, ఫలితాన్ని రికార్డు పుస్తకంలో ఎక్కించడం, పరీక్షకు 40 పిన్నుల పటం కంఠస్థం చేయడం అనే పద్ధతిలో 8085 బోధన సాగితే, విద్యార్థికి యంత్రభాష బదులు టైపింగ్ అలవాటవుతుంది. అటువంటి బోధనను చూసి 8085 నిరుపయోగమని తీర్మానించేవారిని తప్పుపట్టడం కష్టం. ఇక్కడ లోపం యంత్రంలో లేదు, అడిగే ప్రశ్నలో ఉన్నది. రెండు సంఖ్యల గుణకారానికి కార్యక్రమం రాయమనే ప్రశ్నకు జవాబు కంఠస్థం కాగలదు. ఏ విలువలకు ఈ కార్యక్రమం తప్పు జవాబిస్తుంది, ఎంత కాలం తీసుకుంటుంది, చివరన ఫ్లాగుల స్థితి ఏమిటి అనే ప్రశ్నలకు జవాబు లెక్కగట్టి తేల్చుకోవలసినదే. మానిటర్ ప్రోగ్రామ్‌లోని ఒక్కొక్క ఆదేశాన్ని విడిగా నడిపే సౌకర్యం అందుకు తగిన సాధనం.

8. ఆక్షేపణలు – సమాధానాలు

8085 నేర్చినవారికి క్యాష్, పైప్‌లైన్, బహుళ ప్రాసెసర్ల సమన్వయం వంటివి తెలియవన్నది మొదటి ఆక్షేపణ. ఇది వాస్తవం. ఆ విషయాలకు వేరు పాఠం ఉండి తీరాలి. అయితే ఆ యంత్రాంగాలన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే ఆదేశాల భావనపై కట్టినవే. పునాదిని చూడనివారికి అవి పేర్లుగానే మిగిలే ప్రమాదం ఉన్నది.

చిన్న యంత్రమే కావాలంటే ఆధునికమైనదానినే ఎన్నుకోవచ్చుగదా అన్నది రెండవ ఆక్షేపణ. ఇది మరింత బలమైనది. 2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్ మౌలికాదేశాల సముదాయం చిన్నది. అందరికీ అందుబాటులో ఉన్నది. మద్రాసు ఐఐటీ శక్తి ప్రాసెసర్లు, సీ-డాక్ వేగ ప్రాసెసర్లు దానిపై ఆధారపడినవే. ప్యాటర్సన్, హెన్నెసీల ప్రసిద్ధ పాఠ్యగ్రంథానికీ రిస్క్-ఫైవ్ కూర్పు ఉన్నది. ఎంమిక్స్, ఎక్స్‌వీ6 చూపిన దారి కూడా ఇదే. కాబట్టి 8085 స్థానంలో అటువంటి యంత్రం రావడాన్ని నష్టంగా భావించనక్కరలేదు. దాని స్థానంలో ఏదీ రాకపోవడం, లేదా ఫలితం తప్ప లోపలి నడక కనబడని సాధనం రావడం నిజమైన నష్టం.

9. ముగింపు

• అసెంబ్లీ భాష వృత్తిపరమైన ప్రాధాన్యం తగ్గడం, బోధనా ప్రాధాన్యం తగ్గడం ఒకటి కాదు. ఫోర్ట్రాన్ స్థిరపడిన తర్వాత నూత్ ఊహాయంత్రాన్ని సృష్టించడమే ఇందుకు నిదర్శనం.

• పాత యంత్రం బోధనావిలువ దాని పరిమాణంలోనూ, కాలనిశ్చితత్వంలోనూ ఉన్నది. ఈ రెంటి వల్ల విద్యార్థి ముందుగా లెక్కగట్టి, తర్వాత యంత్రంతో సరిచూసుకోగలుగుతాడు.

• సరైన జవాబు సరైన మార్గానికి హామీ కాదనీ, దోషం ఆనవాలు లేకుండా దాగగలదనీ ఏడు ఆదేశాల 8085 కార్యక్రమం నిరూపిస్తుంది.

• ఒక ప్రాసెసరును పాఠ్యప్రణాళిక నుంచి తొలగించే ముందు పరిశీలించవలసినది దాని విడుదల సంవత్సరం కాదు. దాని ద్వారా విద్యార్థి చేస్తున్న లెక్క ఏదో, ఆ లెక్కకు కొత్త పాఠంలో చోటెక్కడో తేల్చుకొన్న తర్వాతే ఆ నిర్ణయం జరగాలి.